అట్ట పెట్టని సంతకం

"ముప్ఫై ఎనిమిది వచ్చింది. ముప్ఫై ఎనిమిదే రాశాను. యాభై దాటకపోతే 'తినవచ్చు' అని రాయమని పుస్తకంలో ఉంది, రాశాను. ఇందులో నేను చేసిన తప్పేంటో మీరే చెప్పండి మేడం."

ల్యాబులో పరీక్షలు చేసే ఆ అమ్మాయి ఈ మాట చెప్పడం నాలుగోసారి. నాలుగుసార్లూ ఒక్క ముక్క మారలేదు. అబద్ధమైతే మూడోసారికే కాస్త మెరుగుపడి ఉండేది. వయసు ఇరవై ఆరు. తెల్లకోటు ఇంకా విప్పలేదు. విప్పితే తీసుకుపోతారని భయం కాబోలు.

టైము ఒంటిగంటా పది. తలుపవతల ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆస్పత్రిలో పదకొండు మంది పసివాళ్ళున్నారు. అందరూ ఒకే కంపెనీ డబ్బాలోని పిల్లల పొడి తిన్నవాళ్ళే. వాళ్ళలో ఏడు నెలల పాప నిన్నటినుంచి కళ్ళు తెరవలేదు. ఆ పొడిలో బూజు వల్ల పుట్టే విషం ఉంది. రెండు నెలల క్రితం అదే సరుకును పరీక్షించి, తినవచ్చని సంతకం పెట్టింది ఈ అమ్మాయి.

"పుస్తకం చూపించు," అన్నాను.

తెచ్చింది. జాతీయ ఆహార భద్రతా సంస్థ అచ్చువేసిన ప్రమాణాల పుస్తకం. ఆ సంస్థలో నేను నిఘా అధికారిని. చేరి ఆరేళ్ళయింది. ఆ పుస్తకం నా బల్ల మీద కూడా ఉంది. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకుంటాను. విప్పి చదవడం ఇవాళే మొదలు.

బూజు విషం, అన్ని ఆహారాలకూ, యాభై. ఒక్కటే వరుస.

"ఇంతకుముందు పుస్తకం ఉందా?"

"పాతవి పారేయమన్నారండీ." ఆగింది. "మా తూకం బల్ల ఊగుతుంటే, దాని కాలి కింద పెట్టాను."

ఇద్దరం కలిసి బల్ల ఎత్తాం. పాత పుస్తకంలో అదే విషానికి రెండు వరుసలున్నాయి. పెద్దల ఆహారానికి యాభై. పసివాళ్ళ ఆహారానికి ఐదు.

"ఇదే సరుకు ఏడాది క్రితం నీ దగ్గరికి వస్తే?"

"వచ్చిందండీ. ఇదే కంపెనీది రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పారబోయమనే రాశాను." కోటు అంచు పట్టుకుని నలిపింది. "హద్దు పదింతలు పెరిగితే పెద్దలు ఆలోచించే పెంచి ఉంటారనుకున్నాను. నేనెవరినండీ అడగడానికి?"

ఆ పెద్దల్లో నేనూ ఒకదాన్నని ఆ అమ్మాయి నమ్మకం. తల తిప్పుకున్నాను.

"అయిందా మేడం, వంటింటి పోలీసు విచారణ?" అంటూ ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. మా నిఘా విభాగానికి అతను పెట్టిన పేరది. ఒకప్పుడు నేను పోలీసు శాఖలో ఉన్నప్పుడు నా కింద పనిచేసినవాడు. ఆ చనువు ఇప్పుడు ఇలా వాడుకుంటున్నాడు.

"ఈ అమ్మాయిది తప్పు కాదు. హద్దు మార్చిన చెయ్యి వేరే ఉంది."

"రిపోర్టు కింద సంతకం ఎవరిదో ముద్దాయి వాళ్ళే. నాకింతకన్నా లెక్కలు రావు. సరే, హద్దు మార్చిందెవరంటారు?"

"శాస్త్ర మండలి."

"దానికి పెద్ద ఎవరు?"

అతనికి తెలిసే అడిగాడు.

"మీ బావగారు. మీవారికి సొంత అన్నగారు. ఆయన కింది వాటా, మీరు పై వాటా. ఈ కేసు మీకే ఎందుకిచ్చారో మా స్టేషన్లో కుర్చీలక్కూడా తెలుసు."

పొద్దున మా పెద్ద సారు ఫైలు నా చేతికిస్తూ, "ఇంటి సంగతి ఇంట్లో తేలితేనే అందం," అన్నారు. నేను తల కూడా ఊపాను. అప్పుడు సిగ్గు వెయ్యలేదు. ఇప్పుడు, తెల్లకోటు అమ్మాయి ముందు, వేసింది.

"ఐదు గంటలదాకా ఆగండి," అన్నాను.

"ఐదూ ఒకటికి జీపెక్కిస్తాను. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు." గుమ్మం దగ్గర ఆగాడు. "అవునూ, ఆ డబ్బాలు దుకాణాల్లో ఇంకా అమ్ముతున్నారే. ముందు వాటిని ఆపించలేరా?"

"చట్టప్రకారం అది మంచి సరుకు. ముప్ఫై ఎనిమిది యాభైకి లోపే."

అతను టోపీ తలకి పెట్టుకుని బయటికి నడిచాడు. వెక్కిరించి ఉంటే నయం.

*

మా సంస్థ సంగతి ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు గుర్తు చేస్తాను. ఏది ఎంత వెయ్యాలో చెప్పేది శాస్త్ర మండలి. మండళ్ళు చెప్పింది సరిచూసేది వాటి పైనుండే శాస్త్ర సంఘం. అలాగే కానివ్వండి అనేది అధ్యక్షుడూ సభ్యులూ కూర్చునే పెద్ద సభ. ఇన్ని గుమ్మాల మధ్య కాగితాలు మోయించేది ముఖ్య కార్యనిర్వాహకుడు. ఆయన్నే పెద్ద సారు అంటాం. ఇక వీధిన పడి సరుకు పట్టుకునేది మేం కాదు, రాష్ట్రాల అధికారులు. వాళ్ళు మా మాట వినాలి, జీతం మాత్రం మా దగ్గర తీసుకోరు. అలాంటప్పుడు మాట ఎంతవరకు చెల్లుతుందో వేరు కాపురం పెట్టిన కోడళ్ళనడిగితే చెబుతారు. తేడా వస్తే తిట్లన్నీ వడ్డించినవాళ్ళకి. ఇక్కడ వడ్డించింది తెల్లకోటు అమ్మాయి.

రెండూ ఐదుకి రికార్డు గదిలో ఉన్నాను. అక్కడి గుమాస్తా పదవీ విరమణకి ఇంకా ఐదు నెలలుంది. ఆ ఐదు నెలలూ ఎవరూ ఏమీ అడక్కుండా గడిచిపోవాలని కోరిక.

"పద్నాలుగు నెలల కిందటి గురువారం. శాస్త్ర మండలి సమావేశం."

ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టి, తనకేమీ సంబంధం లేనట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు.

సమావేశం నివేదిక ఐదు పేజీలు. ప్రతి పేజీ అడుగున మండలి అధ్యక్షుడి సంతకం, అంటే బావగారిది. అంకెల పట్టిక ఉన్నది మూడో పేజీలో. ఒకటే వరుస, యాభై. వెనక్కి తిప్పి చూశాను. శాస్త్ర సంఘం ఆమోదం ఉంది. పెద్ద సభ ఆమోదం ఉంది. మండలి చెప్పింది కదా అని సంఘం చదవలేదు. సంఘం చూసింది కదా అని సభ చదవలేదు. సభ ఒప్పుకుంది కదా అని అచ్చుయంత్రం చదవలేదు. ఎవరూ లంచం తినకుండానే విషం నాలుగు గుమ్మాలు దాటింది. ఒక్కచోట తప్ప.

ఆ ఒక్కచోటు ఏదా అని ఐదు సంతకాలూ పక్కపక్కన పెట్టాను. బావగారి సంతకంలో చివరి అక్షరానికి తోక ఉంటుంది. ఇంటి కాగితాల మీద ఎన్నోసార్లు చూశాను. ఒకటో పేజీలో ఆ తోక లేదు. గోడకి గుద్దుకున్నట్టు అడుగున తిన్నగా తెగిపోయింది. రెండు, నాలుగు, ఐదు పేజీల్లోనూ అంతే. మూడో పేజీలో మాత్రం తోక హాయిగా కిందికి సాగి, ఒక వంపు కూడా తిరిగింది.

కాగితాన్ని వెనకనుంచి వేలితో తడిమాను. దుప్పటి కింద దారం ముడి తగిలినట్టు, నాలుగు పేజీల మీదా సంతకం చుట్టూ సన్నటి గట్టు తగిలింది. పెన్సిల్ పక్కకి వాల్చి రుద్దితే చిన్న పెట్టె ఆకారం తేలింది. మూడో పేజీ వెనక ఎంత రుద్దినా పెన్సిలు అరిగిందే తప్ప ఏమీ తేలలేదు.

"ఇదేమిటి?"

"ఓ, అదా అండీ." సంబంధం లేని విషయం దొరికిందని గుమాస్తాకి ఊపిరి వచ్చింది. "ఆయన అట్ట పెట్టుకుని సంతకం చేస్తారండీ. మధ్యలో కిటికీలా కోసిన అట్ట. సంతకం ఆ కిటికీలోనే పడాలి. చదువుకున్నవాళ్ళకి ఏదో ఒక చాదస్తం ఉంటుంది కదా అనుకున్నాం."

"ఎప్పటినుంచి?"

ఇద్దరం పాత ఫైళ్ళు దించాం. పదిహేడు నెలల కిందటి సంతకాలన్నిటికీ తోకలున్నాయి. పదహారు నెలల కిందటినుంచి లేవు.

కుర్చీలో కూర్చున్నాను. కాగితం మీద గీత ఎక్కడుందో తెలియనివాడికే అట్ట కావాలి. కనిపించనివాడికే.

పదహారు నెలలుగా బావగారు మెట్ల దగ్గర ఎదురైనా నన్ను పలకరించడం లేదు. నీళ్ళ మోటారు గురించి అక్కతో, అంటే మా తోడికోడలితో, నాకు మాటా మాటా వచ్చింది అప్పుడే. ఆ కోపమే అనుకున్నాను. నేనూ తక్కువ తినలేదు, ఆయన ఎదురైతే మొహం తిప్పుకుని మెట్లెక్కేదాన్ని. చూపులేని మనిషి మీద మూతి ముడిచి, అది ఆయనకి తగులుతోందని సంతోషించిన నిఘా అధికారిని నేను.

"మూడో పేజీ ఆరోజే సంతకమైందా?"

గుమాస్తా అడుగు ఈసారి వెనక్కి పడలేదు, పక్కకి పడింది. "ఆ పేజీ మీద టీ ఒలికిందన్నారండీ. కొత్త పేజీ టైపు చేయించి సంతకానికి పంపారు."

రిజిస్టరు తెప్పించాను. అదే గురువారం. సమావేశం ముగింపు పన్నెండూ యాభై. మూడో పేజీ కవరులో బయటికి వెళ్ళింది సాయంత్రం నాలుగూ నలభైకి. తిరిగి వచ్చింది మర్నాడు పొద్దున తొమ్మిదీ ముప్ఫై ఐదుకి. ఎవరి ద్వారా అన్నచోట 'చేతిమీదుగా' అని ఉంది.

"ఎవరి చేతిమీదుగా?"

అతను కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "ఎవరో ఒకరి చెయ్యే అయ్యుంటుందండీ. పెద్ద సారు గదిలోంచి వెళ్ళింది, పెద్ద సారు గదికే వచ్చింది. ఆయన ఎలా చెబితే అలా రాసుకున్నాను."

"టీ ఒలికిన పేజీ ఏది?"

"నేను చూళ్ళేదండీ. టీ కూడా చూళ్ళేదు."

ఐదు పేజీలూ, రిజిస్టరూ ఫోనులో ఫోటోలు తీసుకున్నాను. మూడూ ఇరవై. నేను గుమ్మం దాటకముందే అతను బల్ల మీది ఫోను అందుకోవడం తలుపు అద్దంలో కనిపించింది.

*

కింది వాటా తలుపు తీసే ఉంది. బావగారు ముందుగదిలో కిటికీ పక్క కూర్చున్నారు. వెలుతురు మొహాన పడుతున్నా రెప్ప కదలలేదు.

"ఎవరూ?"

"నేనే బావగారూ."

"నువ్వా అమ్మా. రా, కూర్చో." గొంతులో కోపం లేదు. ఎప్పుడూ ఉన్నట్టు కూడా లేదు.

కూర్చోలేదు. సంచిలోంచి ప్రమాణాల పుస్తకం తీసి, బూజు విషం పేజీ తెరిచి, తలకిందులుగా ఆయన చేతుల్లో పెట్టాను.

"ఈ అంకె ఒక్కసారి చూసి చెబుతారా?"

ఆయన పుస్తకాన్ని దూరంగా పట్టుకున్నారు, దగ్గరికి తెచ్చుకున్నారు, తల పంకించారు. "బాగానే ఉన్నట్టుందమ్మా."

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో దొంగల మీద వేసే ఎత్తు అది. ఇంటి పెద్ద మీద వేశాను.

"తలకిందులుగా ఇచ్చావు అమ్మాయ్." అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. గట్టిగా కూడా అనలేదు. వచ్చి పుస్తకం ఆయన చేతుల్లోంచి నెమ్మదిగా తీసుకుని తిన్నగా తిప్పి బల్ల మీద పెట్టింది.

బావగారు ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "పోన్లే. ఎన్నాళ్ళని."

"నాకెందుకు చెప్పలేదు బావగారూ?"

"నీకు తెలిస్తే నువ్వు రాసి పంపాలి. రాయకపోతే నీ ఉద్యోగానికి ముప్పు. నిన్ను ఆ ఇరకాటంలో పెట్టడమెందుకని..." ఆగారు. "అది సగం. రెండో సగం, కుర్చీ పోతుందని. నలభై ఏళ్ళు ఈ పనే చేశాను. అది లేకపోతే ఈ గదీ నేనూ. సిగ్గు పడాల్సిన సంగతే."

"కాగితాలు ఎవరు చదివి చెబుతారు?"

"మీ అక్క. ఒక్కొక్కటీ రెండుసార్లు."

"పద్నాలుగు నెలల కిందట, బూజు విషం గురించి కూర్చున్న సమావేశంలో పసివాళ్ళకి ఎంత అన్నారు?"

"ఐదు." వెంటనే వచ్చింది జవాబు. "పెంచమని ఒకరిద్దరు అడిగారు. ఐదు దాటడానికి వీల్లేదని అరగంట వాదించాను. ఆఖరికి అందరూ సరేనన్నారు. నివేదిక అక్కడే చదివించుకుని ఐదు పేజీలకీ అట్ట పెట్టి సంతకం చేశాను."

"అచ్చయిన పుస్తకం చదివించుకోలేదా?"

"నేను చెప్పిందేగా అచ్చయ్యేది అనుకున్నానమ్మా." తల పైకెత్తారు. "ఏం, ఎంత వేశారు?"

"యాభై."

ఆయన కుడిచెయ్యి కుర్చీ అంచు పట్టుకుంది. ఆస్పత్రి వార్త రేడియోలో విని ఉంటారు, పొద్దుటినుంచి అందులో అదే చెబుతున్నారు. ఆ వార్తకీ తనకీ సంబంధం ఉందని ఈ క్షణందాకా తెలియదు.

"మూడో పేజీ మీద టీ ఒలికిందని ఆ సాయంత్రం ఇంకోసారి సంతకం..."

"టీ ఏమిటి?" అన్నారు. "ఇంకోసారి ఏమిటి?"

నేను అక్కవైపు తిరిగాను. అక్క నావైపు కాదు, నేలవైపు చూస్తోంది.

"నేను పెట్టాను," అంది.

బావగారి తల అటు తిరిగింది.

"ఆయనకి కంట్లో మందు వేసి పడుకోబెట్టాను. లేపితే తడుముకుంటూ రావాలి, అట్ట వెతుక్కోవాలి, బయటివాళ్ళ ముందు... చూడలేకపోయాను. బ్యాంకు కాగితాల మీదా, కరెంటు ఆఫీసు కాగితాల మీదా అప్పటికే రెండు నెలలుగా నేనే పెడుతున్నాను. ఆయన సంతకం నాకు ఆయనకన్నా బాగా వచ్చు. లోపలికి తీసుకెళ్ళి పెట్టి, రెండు నిమిషాల్లో తెచ్చి ఇచ్చేశాను."

"చదవలేదా అక్కా?"

"కళ్ళజోడు వంటింట్లో ఉండిపోయింది. అయినా నమ్మకమైన మనిషి తెచ్చిన కాగితం. చదివేదేముంది?"

"ఆ నమ్మకమైన మనిషి ఎవరు?"

అక్క తలెత్తింది. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని చూసింది. కాదని తెలిశాక ఆమె మొహంలోకి జాలి వచ్చింది.

"నువ్వే అమ్మాయ్. మెట్ల మీదే నిలబడ్డావు, లోపలికి రాలేదు. మోటారు గొడవ నడుస్తోందిగా మనకి. 'బావగారి సంతకం కావాలట, ఇప్పుడే ఇచ్చేయండి' అన్నావు. ఇచ్చాను. పైకి వెళ్ళిపోయావు."

కాదనడానికి నోరు తెరిచాను. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. సాయంత్రం నాలుగూ నలభై. పెద్ద సారు గది. "ఎలాగూ ఇంటికే కదా వెళ్ళేది. తపాలాకైతే మూడు రోజులు." నాలాంటి కవర్లు మోసేవాళ్ళు ఇంకెవరూ లేరని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. అలాంటివి పది మోసి ఉంటాను, ఇరవై మోసి ఉంటాను. ఇది వాటిలో ఏదో గుర్తు కూడా లేదు. మర్నాడు తొమ్మిదిన్నరకి ఆఫీసులో అడుగుపెట్టి, ముందు ఆ కవరు ఇచ్చి, ఆ తర్వాతే నా కుర్చీలో కూర్చుని ఉంటాను.

పొద్దుటినుంచి వెతుకుతున్న చేతిని ఎదురుగా పెట్టుకుని చూసుకున్నాను.

ఫోను మోగింది. నాలుగూ ముప్ఫై ఒకటి. పెద్ద సారు.

"రికార్డు గదికి వెళ్ళావటగా." ఎప్పటిలాగే మెత్తని గొంతు. "మంచిపని. కానీ ఒక పెద్దమనిషిగా చెబుతున్నాను. రిజిస్టరులో ఎవరి చెయ్యో రాయలేదు. నీ మంచి కోరే రాయనివ్వలేదు. ఆ ల్యాబు అమ్మాయికి ఏదో చిన్న శిక్ష పడుతుంది, బయటికి వచ్చేస్తుంది. నువ్వు ఇంట్లో ఆడవాళ్ళ సంతకాల దాకా తవ్వుకోకు. మీ బావగారి పరువు ఏం కావాలి?"

"సరే సార్," అన్నాను. ఆరేళ్ళ అలవాటు, నోరు దానంతట అదే అంది. ఫోను పెట్టేశాకే ఆయన మాట చెవిలో తిరిగింది. ఇంట్లో ఆడవాళ్ళ సంతకాలు.

సంతకం అక్కది అని నాకు తెలిసి ఐదు నిమిషాలు కాలేదు. ఆయనకి ఎప్పుడు తెలిసింది? తోక సాగిన ఆ సంతకం కవరులోంచి తీసిన పొద్దునే తెలిసి ఉండాలి. అంటే అట్ట సంగతి అంతకుముందే తెలుసు. టీ పేరు చెప్పి ఐదుని యాభై చేయించింది ఎవరో, చూపు పోయిన మనిషిని కుర్చీలో ఎందుకు ఉంచారో, నిఘా అధికారి చేత కవర్లు ఎందుకు మోయించారో, ఈ కేసు నాకే ఎందుకిచ్చారో అన్నీ ఒకే వరుసలోకి వచ్చాయి. దొరికితే ముగ్గురం ఇంటివాళ్ళమే. ఎవరు ఎవరిని పట్టిస్తారు?

పెద్ద సారు అన్నదీ, నేను అనుకున్నదీ పైకి అన్నాను, ఇద్దరికీ వినిపించేలా.

"నా చూపు సంగతి మీ పెద్ద సారుకి ముందే తెలుసా?" అన్నారు బావగారు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని మళ్ళీ అన్నారు, "ఈ పదహారు నెలల్లో నలభై రెండు నివేదికలమ్మా. అన్నిటికీ సంతకం పెట్టాను. అచ్చయ్యాక ఒక్కటీ విప్పలేదు. మిగతా నలభై ఒకటిలో ఏమున్నాయో."

అక్క లేచి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది. పుస్తకం మొదటి పేజీ తెరిచి, గొంతు సవరించుకుని, ఆయన పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టింది. నాలుగో వరుస దగ్గరే ఆయన చెయ్యెత్తి, "ఆగు. అది మళ్ళీ చదువు," అన్నారు.

నేను వరండాలోకి వచ్చి ఇన్‌స్పెక్టరుకి ఫోను చేశాను. నాలుగూ నలభై ఆరు.

"ఇంకా పద్నాలుగు నిమిషాలుంది మేడం. నేను మాట తప్పను. జీపు మాత్రం సిద్ధంగా పెట్టాను, ఆ అమ్మాయిని ఎక్కించాను కూడా."

"దింపెయ్యండి. ముందు రాష్ట్ర ఆహార భద్రతా కమిషనరుకి ఫోను చేసి ఆ డబ్బాలు దుకాణాల్లోంచి తీయించమనండి. యాభై అన్న అంకె చెల్లదు, మూడో పేజీ మీది సంతకం దొంగది. ఫోటోలు పంపుతున్నాను, మీ దగ్గరుంచుకోండి. నా ఫోను రేపటిదాకా నా దగ్గరుంటుందన్న నమ్మకం లేదు. తర్వాత మా ఇంటికి రండి, వాంగ్మూలాలు రాసుకోవాలి."

"మీ బావగారివా?"

"ఆయనదీ, మా అక్కదీ. వాటికన్నా ముందు నాది. ఆ దొంగ పేజీ ఇంటికి మోసింది, సంతకమయ్యాక తిరిగి మోసింది నేను."

అటువైపు ఎగతాళి కోసం ఆగాను. రాలేదు.

"మేడం," అన్నాడు చివరికి. మునుపు నా కింద పనిచేసిన రోజుల్లో పిలిచినట్టే పిలిచాడు. "ఒక్కటి అడగాలి, కాగితం మీద నింపాలి కాబట్టి. మిమ్మల్ని సాక్షిగా రాసుకోమంటారా, ముద్దాయిగానా?"

లోపల అక్క గొంతు, బావగారి గొంతు ఒకదాని వెంట ఒకటి వినిపిస్తున్నాయి.

"మీరు వచ్చేది ఆస్పత్రి మీదుగానే కదా," అన్నాను. "ఆ ఏడు నెలల పాప తల్లి అక్కడే ఉంటుంది. జరిగిందంతా ఆవిడకి చెప్పండి. ఆవిడ ఏం రాయమంటే అది రాసుకుని రండి."